చలికాలంలోనూ పెరటి బాతుల గుడ్లు: ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల్లో పాటించవలసిన మెలకువలు

ఆత్మకూరు (శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా): కార్తీకం వెళ్లి మార్గశిరం ప్రవేశించేసరికి పెరటి బాతులు గుడ్లు తగ్గించడం జిల్లాలోని పశ్చిమ మండలాల కుటుంబాలకు కొత్త విషయం కాదు. చలి వచ్చింది గనుక బాతు గుడ్డు మానివేసిందని సరిపెట్టుకొని, ఇక దానికి వేసే తిండి దండగన్న భావనతో మాంసానికి అమ్మివేసే వారూ ఉన్నారు. అయితే ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల శీతాకాలాన్ని కొంత నిశితంగా పరిశీలించినట్లయితే, చలియే కారణమన్న వాదన నిలవదు. పగటి నిడివి తగ్గడం, పొలాల్లో మేత దొరకకపోవడం, వానలవల్ల కొట్టంలోనూ దాణాలోనూ చెమ్మ చేరడం అనే మూడు అంశాలు ఒకే కాలంలో కలిసి రావడమే ఇక్కడి సమస్యకు మూలం. వీటిలో చివరిది గుడ్లనే గాక బాతుల ప్రాణాలను సైతం హరించగలది. దానిపై దృష్టి పెట్టకుండా కేవలం విద్యుత్ దీపం వెలిగించినంత మాత్రాన ప్రయోజనం చేకూరదు.

బాతు సహజంగా చలికి ఓర్చుకొనే పక్షి. ఒళ్లంతా దట్టమైన నూగు, దానిపై నూనె పూసినట్లుండే ఈకలు దానికి రక్షణ. గుడ్ల ఉత్పత్తిలో పేరొందిన ఖాకీ క్యాంప్‌బెల్ జాతి ఇంగ్లండులో అడెల్ క్యాంప్‌బెల్ అనే మహిళ 20వ శతాబ్దారంభంలో రూపొందించినది. మంచు కురిసే ఆ దేశంలో పుట్టి, మంచి యాజమాన్యంలో సంవత్సరానికి 300 వరకు గుడ్లు పెట్టగల ఈ బాతుకు, రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీలకు అటూ ఇటూ ఉండే ఉదయగిరి చలి ఒక లెక్కలోనిది కాదు. సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న ఉదయగిరి దుర్గం కొండల నీడలోని గ్రామాల్లో తెల్లవారుజామున చలి కొంత అధికమే అయినప్పటికీ, అది పెంపకందారును వణికించేదే గాని బాతును కాదు.

మేత దొరకని నెలలు

పొలాల్లో మేత లభ్యత విషయంలో నెల్లూరు జిల్లాకు ఒక ప్రత్యేకత ఉన్నది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరు నెలల్లో ముగుస్తాయి. కోసిన మళ్లలో రాలిన గింజలు, నత్తలు, పురుగులు బాతులకు సమృద్ధిగా లభిస్తాయి. నెల్లూరు జిల్లాలో పరిస్థితి ఇందుకు భిన్నం. ఇక్కడ సంవత్సరపు వర్షపాతంలో సగానికి మించి ఈశాన్య రుతుపవనాల ద్వారా అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కురుస్తుంది. చెరువులు నిండేదీ, సోమశిల, గండిపాలెం జలాశయాల కింద ప్రధానమైన వరి పైరు నాటుకొనేదీ ఆ రోజుల్లోనే. కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో గాని రావు. అంటే పొరుగు డెల్టాల్లో బాతుకు విందు జరిగే కాలంలో ఇక్కడి బాతుకు పొలం గట్టు దాటే వీలుండదు. పచ్చని పైరులోకి బాతులను ఏ రైతూ రానివ్వడు. పైగా నాటిన మళ్లలో గుళికల మందు చల్లి ఉంటారు. అటువంటి మడిలో తిరిగిన బాతు ఇంటికి చేరకపోవచ్చు.

గుడ్డు పెట్టే బాతుకు 16 నుంచి 18 శాతం మాంసకృత్తులు గల దాణా అవసరమని పశుపోషణ గ్రంథాలు పేర్కొంటున్నాయి. వేసవి ముందటి నెలల్లో కోసిన మళ్లలోని నత్తలు, పురుగులే ఈ మాంసకృత్తులను ఉచితంగా సమకూరుస్తాయి. ఆ వనరు మూతపడినప్పుడు పెరట్లో వేసే గుప్పెడు నూకలూ, తవుడూ బాతును బతికిస్తాయే తప్ప గుడ్డు పెట్టించలేవు. బాతు గుడ్డు 65 నుంచి 70 గ్రాముల వరకు తూగుతుంది. అంత బరువు గల గుడ్డును దాదాపు ప్రతిదినమూ తయారుచేయవలసిన శరీరం, తిండి చాలకపోతే ముందుగా మానుకొనే పని గుడ్డు పెట్టడమే.

ఇక్కడ ఒక ముచ్చట ప్రస్తావించడం అప్రస్తుతం కాదు. 1514లో గజపతుల నుంచి ఉదయగిరి దుర్గాన్ని గెలుచుకొన్న శ్రీకృష్ణదేవరాయలే, తన ‘ఆముక్తమాల్యద’లో కాలువ గట్టున తలను రెక్కలో దూర్చి నిద్రించే బాతులను చిత్రించారు. స్నానానికి వచ్చిన విప్రులు మరచిపోయిన బట్టల ముద్దలని భ్రమించి తలారులు వాటిని తీయబోగా అవి పరుగెత్తడం, చేను కాచే పడతులు నవ్వడం ఆ పద్యంలోని దృశ్యం. ఆ బాతులు విల్లిపుత్తూరు కాలువల బాతులు. ఉదయగిరి మెట్టప్రాంతపు బాతుకు ఆ భోగం లేదు. దానికి కాలువ లేని లోటును పెంపకందారు పెరట్లోనే తీర్చవలసి ఉన్నది.

శీతాకాలపు నాలుగు నెలల్లో సజ్జ, మొక్కజొన్న, నూకలు, తవుడు వంటి వాటికి తోడు ఏదో ఒక మాంసకృత్తుల వనరు తప్పనిసరిగా ఉండాలి. కల్తీలేని ఎండుచేపల పొడి, వేరుశనగ చెక్క లేదా సోయా చెక్క, పెరటి తొట్టిలో పెంచిన అజొల్లా, వాన వెలిసిన తర్వాత గట్ల వెంట ఏరిన నత్తలు ఇందుకు ఉపయోగపడతాయి. ఉప్పు చేపలు మాత్రం పెట్టరాదు. ఉప్పు అధికమైతే బాతులకు అది విషంతో సమానం. పెంకు గట్టిపడటానికి ఆల్చిప్పల పొడిని విడిగా ఒక మట్టి పాత్రలో ఉంచితే బాతులు తమకు కావలసినంత మేరకే తింటాయి. పొడి దాణా బాతు గొంతుకు అడ్డుపడుతుంది గనుక తడిపి, ముద్దలా కలిపి పెట్టాలి. అయితే ఆ పూట కలిపినది ఆ పూటే అయిపోవాలి. మిగిలిన ముద్దను సాయంత్రానికి అట్టిపెట్టడం తర్వాత చెప్పబోయే ప్రమాదానికి ద్వారం తెరవడమే అవుతుంది.

బూజు పట్టిన దాణాతో పెనుముప్పు

మనుషులు తినడానికి పనికిరాని గింజలను బాతులకు పారవేయడం మన గ్రామాల్లో అనాదిగా ఉన్న అలవాటు. వానల్లో తడిసి నల్లబడిన మొక్కజొన్న, గంపలో మిగిలిపోయి బూజు పట్టిన వేరుశనగ పప్పు, గోనె అడుగున గడ్డకట్టిన చెక్క ఎలాగూ వృథాయే గదా, బాతులైనా తింటాయన్నది గృహిణుల ఆలోచన. పొదుపు దృష్టితో చేసే ఈ పని బాతుల పాలిట మృత్యువు కాగల అవకాశం ఉన్నది. పెంపుడు పక్షులన్నింటిలోకీ బూజు విషానికి అత్యంత త్వరగా లొంగిపోయేది బాతే.

దీని వెనుక ఒక చరిత్ర ఉన్నది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు అంతుపట్టని వ్యాధితో మరణించాయి. బాతు పిల్లలు కూడా పెద్ద సంఖ్యలో చనిపోయాయి. పరిశోధకులు ఆరా తీయగా అన్నింటికీ పెట్టిన దాణాలో బ్రెజిల్ నుంచి దిగుమతి అయిన వేరుశనగ చెక్క ఉన్నట్లు తేలింది. ఆ చెక్కపై పెరిగిన ఆస్పర్జిల్లస్ అనే బూజు ఉత్పత్తి చేసిన విషమే మరణాలకు కారణమని నిర్ధారించి, దానికి అఫ్లాటాక్సిన్ అని నామకరణం చేశారు. ఆధునిక పరికరాలు అందుబాటులోకి రాకముందు, ఒక దాణాలో ఈ విషం ఉన్నదా లేదా అని తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో ఒకరోజు వయసు బాతు పిల్లలకే తినిపించి చూసేవారు. బాతు కాలేయం ఈ విషానికి ఎంత సున్నితమో గ్రహించడానికి ఇంతకు మించిన నిదర్శనం అక్కరలేదు.

వేరుశనగ, మొక్కజొన్న రెండూ ఈ బూజుకు ప్రీతిపాత్రమైనవి. ఈశాన్య రుతుపవనాల తేమ వాటికి తోడవుతుంది. 2021 నవంబరు వరదల సమయంలోను, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను సందర్భంలోను జిల్లాలో రోజుల తరబడి ఎండ ముఖం కనబడలేదు. అటువంటి రోజుల్లో పూరింటి మూలన నేలపై పెట్టిన దాణా గోనె ఎంత జాగ్రత్తపరుల ఇంటనైనా చెమ్మను పీల్చుకోక మానదు.

విషం స్వల్పమోతాదులో చేరినప్పుడు బాతు వెంటనే చావదు. మేత తగ్గిస్తుంది, బరువు కోల్పోతుంది, గుడ్లు మానివేస్తుంది. పెంపకందారు దానిని చలి ప్రభావమని పొరబడతారు. చలికాలపు గుడ్ల కొరతలో ఈ కారణం ఎంతో తరచుగా దాగి ఉండగలదు కనుకనే దీనిని ఇంత విపులంగా వివరించవలసి వచ్చింది. మోతాదు పెరిగితే కాళ్లు ఈడ్వడం, మెడ వెనుకకు విరుచుకుపోవడం, ఆకస్మిక మరణాలు సంభవిస్తాయి. చనిపోయిన పక్షిని పశువైద్యుడు కోసి చూసినప్పుడు కాలేయం పాలిపోయి, గట్టిపడి లేదా రక్తపు మచ్చలతో కనిపిస్తుంది.

బూజు పట్టిన గింజను ఎండబెట్టినా, కడిగినా, ఉడకబెట్టినా విషం పూర్తిగా పోదు. పైకి కనిపించే బూజు రాలిపోతుంది గాని లోపల చేరిన విషం అలాగే ఉంటుంది. కనుక అటువంటి దాణాను పూడ్చివేయడమే మార్గం, గేదెలకు మళ్లించడం కూడా తగదు. పాడి పశువు తిన్న ఈ విషంలో కొంత భాగం రూపు మార్చుకొని పాలలోకి చేరుతుంది. దాణాను రెండు వారాలకు మించి నిల్వ చేయకుండా కొద్దికొద్దిగా కొనడం, గోనెలను నేలపై గాక ఇటుకలపై పరచిన చెక్కమీద గోడకు జానెడు ఎడంగా ఉంచడం, మూత గల డబ్బాలో పోసేముందు గింజను పంటికింద కొరికి టక్కున విరుగుతున్నదో లేదో చూడటం ఖర్చులేని జాగ్రత్తలు. తవుడు మరింత త్వరగా ముక్కిపోతుంది. వానాకాలంలో దానిని వారం వారం తెచ్చుకోవడం ఉత్తమం.

కొట్టం నేల విషయంలోను ఇదే సూత్రం వర్తిస్తుంది. బాతు నీటిపక్షి గదా అని తడి నేలపై పడుకోబెట్టడం సరికాదు. నీటిలో ఈదడం వేరు, బురదలో నిద్రించడం వేరు. రాత్రి కొట్టంలో ఒక్కొక్క బాతుకు నాలుగు చదరపు అడుగుల చోటు ఇచ్చి, చుట్టూ మట్టం కంటే ఎత్తు చేసిన నేలపై ఆరిన వరిపొట్టు లేదా వరిగడ్డి పరచాలి. తడిసిన భాగాన్ని ప్రతిరోజూ తీసివేయాలి. బూజు పట్టిన గడ్డి పరుపుగానూ పనికిరాదు, దాని ధూళి బాతుల ఊపిరితిత్తులకు హాని చేస్తుంది. నీటి తొట్టిని కొట్టం బయటే ఉంచి, ముక్కు రంధ్రాలు మునిగేటట్లు ఐదారు అంగుళాల లోతు ఉండేలా చూస్తే చాలు. గుడ్లు పెట్టడానికి బాతుకు ఈత కొలను అవసరం లేదు.

వెలుతురు లెక్క

పగటి నిడివికీ గుడ్లకూ గల సంబంధం పక్షి కంటితో మాత్రమే ముడిపడి లేదు. 1930 దశకంలో ఫ్రాన్సుకు చెందిన శాస్త్రవేత్త జాక్ బెన్వా బాతులపైనే జరిపిన ప్రయోగాల్లో, కళ్లకు వెలుతురు సోకకపోయినా పుర్రె గుండా మెదడులోకి చేరిన కాంతి పునరుత్పత్తి అవయవాలను ప్రేరేపిస్తుందని నిరూపించారు. దినం దీర్ఘమవుతున్నదని మెదడు గ్రహించినప్పుడు హార్మోన్లు విడుదలై అండాశయం చురుకుగా పనిచేస్తుంది. దినం కురచబడుతుంటే ఆ ప్రేరణ సన్నగిల్లి, పక్షి ఈకలు రాల్చి కొత్తవి వేసుకొనే పనిలో పడుతుంది.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు దాదాపు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నాయి. జూన్ మాసాంతంలో ఇక్కడ పగలు సుమారు 13 గంటలు, డిసెంబరు మూడో వారంలో సుమారు పదకొండుంబావు గంటలు. ఐరోపా దేశాల్లో మాదిరిగా శీతాకాలపు పగలు ఎనిమిది గంటలకు పడిపోయే దుస్థితి మనకు లేదు. గుడ్లు పెట్టే బాతుకు 14 నుంచి 16 గంటల వెలుతురు కావాలన్నది ప్రామాణికమైన సూచన. అంటే ఇక్కడ పూరించవలసిన లోటు సుమారు మూడు గంటలు మాత్రమే. పది, పదిహేను బాతులున్న కొట్టానికి 9 వాట్ల ఎల్ఇడి బల్బు ఒకటి సరిపోతుంది. బాతు ఎత్తులో వార్తాపత్రిక అక్షరాలు చదవగలిగినంత వెలుతురు ఉంటే చాలును.

దీపాన్ని సాయంత్రం కంటే తెల్లవారుజామున వెలిగించడం శ్రేయస్కరం. రాత్రి వేళ దీపం ఒక్కసారిగా ఆరిపోతే బాతులు బెదిరి ఒకదానిపై ఒకటి పడి గాయపడతాయి. వేకువన వెలిగించిన దీపం సూర్యకాంతిలో సహజంగా కలిసిపోతుంది. డిసెంబరులో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో, సూర్యాస్తమయం ఆరుకు కొంచెం ముందు అవుతుంది గనుక, తెల్లవారుజామున 4 గంటలకు దీపం వెలిగిస్తే ఉదయ సాయంసంధ్యల మసక వెలుతురుతో కలిపి 14 గంటలు పూర్తవుతాయి. మొదటి రోజే 4 గంటలకు వెలిగించకుండా, వారానికి అరగంట చొప్పున ముందుకు జరపాలి. ఒక రోజు వెలిగించి మరొక రోజు మానడం అసలు వెలిగించకపోవడం కంటే హానికరం. విద్యుత్ అంతరాయాలుండే గ్రామాల్లో ఛార్జింగ్ బల్బు లేదా సౌరదీపం ఉపయోగించవచ్చు. తడి కొట్టంలోకి అతుకుల తీగలతో కరెంటు లాగడం మాత్రం ప్రాణాంతకం, ఈ విషయంలో రాజీ పనికిరాదు.

ఐదు నెలలు నిండని పడుచు బాతులకు అదనపు వెలుతురు ఇవ్వరాదు. శరీరం ఎదగకముందే గుడ్లకు వస్తే గుడ్డు అడ్డం తిరిగి ప్రమాదం వాటిల్లుతుంది. అలాగే మేత చాలని బాతుకు దీపం పెట్టడమంటే ఆకలిగా ఉన్న ఎద్దును ముల్లుగర్రతో పొడిచి నడిపించడమే. మాంసకృత్తులు గల దాణా, పొడి నేల సమకూరిన తర్వాతనే దీపం వంతు. బాతులు చాలావరకు ఉదయం 9 గంటలలోపే గుడ్లు పెడతాయి. ఆ వేళ వరకు కొట్టంలోనే ఉంచితే గుడ్లు తుప్పల పాలు, ముంగిసల పాలు కావు. గుడ్లు తగ్గాయన్న కొన్ని ఫిర్యాదులకు ఈ ఒక్క జాగ్రత్తతోనే పరిష్కారం లభించవచ్చు. ఈకలు మార్చుకొనే బాతుకు మాత్రం ఐదారు వారాల విశ్రాంతి ఇవ్వక తప్పదు.

వలస పక్షుల కాలం, బర్డ్ ఫ్లూ

అక్టోబరు నుంచి మార్చి వరకు పులికాట్, నేలపట్టులతో పాటు జిల్లాలోని చెరువులకు వలస పక్షులు వచ్చే కాలం. అదే బర్డ్ ఫ్లూ విషయంలో అప్రమత్తంగా ఉండవలసిన కాలం కూడా. 2024 ఫిబ్రవరిలో ఈ జిల్లాలోనే పొదలకూరు మండలం చాటగుట్ల, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బ గ్రామాల్లో కోళ్ల మరణాలకు బర్డ్ ఫ్లూ కారణమని నిర్ధారణ అయింది. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లోనూ ఈ వ్యాధి వెల్లడైంది. కోళ్లు ఈ వ్యాధితో గంటల వ్యవధిలో మరణిస్తుండగా, బాతులు కొన్ని సందర్భాల్లో ఏ లక్షణమూ లేకుండానే వైరస్‌ను మోసి ఇతర పక్షులకు అందిస్తాయి. కాబట్టి శీతాకాలంలో బాతులను అడవి పక్షులు వాలే చెరువుల్లోకి తోలరాదు. నత్తల మేతకోసం చెరువు దారి పట్టించాలన్న కోరిక సహజమే అయినా, ఆ లాభం కంటే నష్టభయమే ఎక్కువ. బాతులనూ కోళ్లనూ ఒకే కొట్టంలో కలిపి ఉంచడం కూడా మానుకోవాలి.

పాత్రికేయ మిత్రులు గమనించవలసిన అంశం ఒకటున్నది. బాతులు మూకుమ్మడిగా చనిపోయిన ప్రతి సందర్భమూ బర్డ్ ఫ్లూ కాదు. డక్ ప్లేగు, కలరా, పైన వివరించిన దాణా విషం, పురుగుమందులు కూడా అదే విధమైన మరణాలకు దారితీస్తాయి. నమూనాలను భోపాల్‌లోని జాతీయ హై సెక్యూరిటీ పశువ్యాధుల సంస్థ పరీక్షించి వెల్లడించిన తర్వాతనే బర్డ్ ఫ్లూ అని పేర్కొనడం సముచితం. బాగా ఉడికించిన గుడ్లు, మాంసం ద్వారా వ్యాధి సోకదు. 70 డిగ్రీల వేడిలో వైరస్ నశిస్తుంది. డక్ ప్లేగుకు 8 నుంచి 12 వారాల వయసులో టీకా వేయించే సౌకర్యం ఉన్నది.

అధికారులు గ్రామసభల్లో తప్పక తెలియజేయవలసిన విషయం నష్టపరిహారానికి సంబంధించినది. బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయిన చోట ఒక కిలోమీటరు పరిధిలోని పక్షులను నిర్మూలించినప్పుడు, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు సమానంగా భరించే పరిహారం యజమానులకు లభిస్తుంది. అది సిబ్బంది నిర్మూలించిన పక్షులకే గాని అంతకుముందే చనిపోయిన వాటికి వర్తించదు. సమాచారం దాచి, చనిపోయిన పక్షులను రాత్రికి రాత్రి చెరువులో పారవేసిన కుటుంబం వ్యాధిని వ్యాపింపజేయడమే గాక తనకు రాదగిన పరిహారాన్ని సైతం కోల్పోతుంది. రెండు మూడు బాతులు ఒకే రోజు చనిపోయినా, గుడ్లు ఒక్కసారిగా ఆగిపోయినా గ్రామంలోని రైతు సేవా కేంద్రంలో ఉండే పశుసంవర్ధక సహాయకులకు గాని, సమీప పశువైద్యశాలకు గాని, 1962 నెంబరుకు గాని ఆ రోజే తెలియజేయవలసి ఉంటుంది. చనిపోయిన పక్షిని ఒట్టి చేతులతో తాకకుండా, కుక్కలకు అందకుండా గంప బోర్లించి ఉంచి, పశువైద్య సిబ్బంది వచ్చే వరకు మిగిలిన బాతులను కొట్టంలోనే నిలిపివేయాలి.